చీకటీ, నీకు దండం

చీకటీ, నీకు దండం. దీపం వెలిగించకుండా మొదలయ్యే శుభకార్యం మనకు లేదు. తమస్సు పోవాలనే అందరి ప్రార్థన. ఒంటితలనొప్పి, అదే మైగ్రేన్, ఉన్నవాళ్లం మాత్రం నిన్నే పిలుచుకుంటాం. తలుపు దగ్గరికేసి, కిటికీకి దుప్పటి కట్టి, ఫోను బోర్లించి, రమ్మని బతిమాలుకుంటాం. నువ్వు వస్తావు. ఏమైందని అడగవు, రుజువు చూపించమనవు. నుదుటి మీద చెయ్యేసి కూర్చుంటావు.

ఓరుగల్లు ఎండ ఎట్లాంటిదో నీకు తెలుసు. మే నెలలో హన్మకొండ చౌరస్తా దాటాలంటే రోడ్డు మీది ప్రతి బండి అద్దమూ ఎండను తెచ్చి కంట్లో పోస్తుంది. మిర్చి కాలంలో ఎనుమాముల మార్కెట్ దగ్గర గాలే ఘాటెక్కుతుంది. చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఊరంతా సంతోషించింది, నేనూ సంతోషించాను. కానీ నొప్పి ఉన్ననాడు ఆ ఎరుపు తలుచుకుంటేనే కడుపులో తిప్పుతుంది. కాజీపేట జంక్షన్‌లో రైలు కూత, పెళ్లి ఊరేగింపులో డీజే, పక్కింటి అగరుబత్తి, పోపులో మాడిన ఎండుమిరపకాయ. మిగతా రోజుల్లో బతుకుకు రుచి ఇచ్చేవన్నీ ఆరోజు ఒక్కొక్కటిగా మనిషి మీదికి వస్తాయి.

నొప్పి రాకముందే దాని కబురు వస్తుంది. ఒకటే ఆవులింతలు. మెడ పట్టేస్తుంది. తీపి మీదికి మనసు పోతుంది. కారణం లేని చిరాకు. నిద్ర చాలలేదేమో అనుకుంటారు ఇంట్లోవాళ్లు. అలవాటైన మనిషికి మాత్రం తెలిసిపోతుంది, అది బయల్దేరిందని.

కొందరికి ఆ తర్వాత చూపులో వెలుగు పుడుతుంది. మధ్యలో చిన్న మెరుపుచుక్క. అది మెల్లమెల్లగా పెద్దదై, అంచుల్లో వంకరటింకర గీతలై, మిలమిలలాడుతూ చూపు చివరిదాకా పాకుతుంది. దాని వెనక అక్షరాలు మాయమవుతాయి, ఎదుటి మనిషి సగం ముఖం మాయమవుతుంది. 1870లో హ్యూబర్ట్ ఎయిరీ అనే ఇంగ్లీషు వైద్యుడు తన కంటికి కనబడ్డ ఈ వెలుగునే బొమ్మలు గీసి లోకానికి చూపించాడు. బురుజులు కట్టిన కోటగోడతో దాన్ని పోల్చాడు. అది చదివిన రోజు నాకు ఖిలా వరంగల్ కళ్లముందు నిలిచింది. గణపతిదేవుడి నాటి రాతికోట, దాని చుట్టూ మట్టికోట, గోడ పొడుగునా బురుజులు. ఎక్కడి ఇంగ్లండు వైద్యుడు, ఎక్కడి మా కోట! ఒకే నొప్పి ఇద్దరికీ ఒకే గోడను చూపించింది.

1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికా శాస్త్రవేత్త తన చూపులో ఆ వెలుగు ఎంత వేగంగా జరుగుతోందో కొలిచి, మెదడు వెనకభాగంలో ఏదో నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతూ ఉండాలని లెక్కగట్టాడు. 1944లో బ్రెజిల్‌కు చెందిన అరిస్టిడెస్ లియావో కుందేలు మెదడు మీద ఇంచుమించు అదే వేగంతో పాకే అలను కనిపెట్టాడు. చీకటీ, ఆ మూడు మిల్లీమీటర్లకు కూడా నా దండం. స్కానింగ్ తీయించుకుని ‘అంతా నార్మల్’ అన్న కాగితంతో ఇంటికి వచ్చి, ఆ కాగితం వల్లే మరింత ఒంటరి అయిపోయిన మనుషులెందరికో ఆ కొలత సాక్ష్యం.

ఆ తర్వాత నొప్పి. కణత దగ్గర మొదలై, కంటి వెనక దిగి, గుండె కొట్టుకున్నప్పుడల్లా తలలో సగభాగం కొట్టుకుంటుంది. మెట్టెక్కితే పెరుగుతుంది, వంగితే పెరుగుతుంది, మాట్లాడితే పెరుగుతుంది. వదిలేస్తే 4 గంటలు, ఒక్కోసారి 72 గంటలు. మెదడుకు తనకంటూ నొప్పి తెలియదు. దాన్ని కప్పి ఉన్న పొరలకు తెలుస్తుంది. నుదుటికీ చెంపకూ దవడకూ స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడే ఆ పొరల బాధనూ మోసుకొస్తుంది. అందుకే ముక్కు పక్కన నొస్తే సైనస్ అనుకుని, కంటి దగ్గర నొస్తే అద్దాలు మార్చాలనుకుని, ఏళ్లకేళ్లు వేరే తలుపులు తట్టేవాళ్లు ఇంతమంది.

నీలో ఎందుకు నెమ్మది దొరుకుతుందో 2010లో ఒక జవాబు వచ్చింది. అమెరికాలో రామి బర్‌స్టీన్ బృందం చూపు కోల్పోయిన ఒంటితలనొప్పి రోగులను పరిశీలించింది. వాళ్లలో కొందరికి లోకం కనబడదు కానీ, వెలుతురు వచ్చి పోవడం తెలుస్తుంది. నొప్పి వేళ వెలుతురు వాళ్లనూ బాధించింది. బొమ్మను చూడటంతో పనిలేకుండా వెలుతురును మాత్రం పసిగట్టే కణాలు కంటిపొరలో ఉన్నాయి. అవి పంపే కబురూ తల నొప్పి కబురూ మెదడు లోపల ఒకే చోట కలుస్తాయి. వెలుతురు పడ్డప్పుడల్లా నొప్పి ఎగదోసుకు రావడం మా సుకుమారం కాదు తల్లీ, ఒంటి కట్టడమే అది. అదే బృందం 2016లో మరో సంగతి చెప్పింది. రంగులన్నిటిలో మసక ఆకుపచ్చ వెలుతురు తక్కువ బాధిస్తుందట. ఆకుల నీడకు అంత దయ ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

నువ్వు రాతిలో కూడా ఉంటావు. 1163లో రుద్రదేవుడు హన్మకొండలో వేయిస్తంభాల గుడి కట్టించాడు. మూడు గర్భాలయాలు: శివుడికొకటి, విష్ణువుకొకటి, సూర్యుడికొకటి. బయట భగభగ మండే సూర్యుడికి నల్లరాతి లోపల చల్లటి చీకట్లో చోటిచ్చారు కాకతీయులు. ఆ ఆలోచన వచ్చిన మనిషికి నేను మనసులో ఎన్నిసార్లు మొక్కుకున్నానో! ముఖం కనబడేంత నునుపుదేరిన ఆ స్తంభానికి కణత ఆనిస్తే, రాయి చల్లదనం ఎముకలోకి దిగుతుంది. మన పాత వైద్యులు పొద్దుతో పాటు పెరిగి పొద్దు వాలాక తగ్గే తలనొప్పికి సూర్యావర్తమని పేరు పెట్టారు. సుశ్రుతుడు తలకు వచ్చే రోగాలు 11 అని చెప్పి, సగం తలను పట్టే అర్ధావభేదకం పక్షానికో, పది రోజులకో, ఉన్నట్టుండో వస్తుందన్నాడు. ఇప్పుడు డాక్టరుగారు రాసుకురమ్మనే తలనొప్పి డైరీలోనూ తేదీలు అట్లాగే పడతాయి.

నీ తర్వాత చల్లదనానికి దండం. సానరాయి మీద శొంఠి అరగదీసి పట్టు వేసిన అమ్మమ్మల చేతులకు దండం. కొంగు చించి తల చుట్టూ బిగించి కట్టిన ముడికి దండం. పసుపుపచ్చటి అమృతాంజనానికి దండం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దాన్ని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి వచ్చాయి. తెలుగు పత్రికల వేళ్లలో కర్పూరం వాసన ఉంది, ఎవరెవరివో నొప్పిపెట్టిన నుదుళ్లు ఉన్నాయి. ఆ మందు జబ్బును మాన్పదు. కాసేపు చర్మానికి చల్లని మాట చెబుతుంది. నొప్పిలో కాసేపంటే తక్కువేమీ కాదు.

చిన్న మాత్రకూ దండం, దాని సమయం తెలిసినవాళ్లకు మరీ దండం. నొప్పి ముదిరేకొద్దీ కడుపు మందగిస్తుంది. అప్పుడు మింగిన మాత్ర ఒంటికి సరిగా అందదు. ఓర్చుకుని ఓర్చుకుని ఆఖర్న వేసుకునే మన అలవాటు ఇక్కడ చెరుపు చేస్తుంది, తొలి గడియలోనే వేసుకోవాలి. లెక్క మాత్రం తప్పకూడదు. మామూలు నొప్పిమాత్రలు నెలలో 15 రోజులు, ఒంటితలనొప్పికి ఇచ్చే ట్రిప్టాన్లూ కలగలుపు మాత్రలూ 10 రోజులు దాటుతూ నెలలకు నెలలు సాగితే, మందే తలనొప్పిని తెచ్చిపెడుతుంది. మెడికల్ షాపులో చేయి చాపితే చాలు ఇచ్చేస్తారు, ఎన్నోదో అక్కడ ఎవరూ అడగరు.

నెలకు పలుమార్లు పడిపోయేవాళ్లకు నొప్పిని రానీయకుండా రోజూ వేసుకునే మందులున్నాయి. డాక్టరుగారు ప్రొప్రనొలాల్ రాస్తే ‘నాకు బీపీ లేదు కదా’ అని, టోపిరమేట్ రాస్తే ‘నాకు ఫిట్స్ లేవు కదా’ అని, అమిట్రిప్టిలిన్ రాస్తే ‘నాకేమన్నా మనోవ్యాధా’ అని భయపడి మధ్యలో మానేస్తారు. ప్రొప్రనొలాల్ గుండెనొప్పికి వాడుతుంటే తలనొప్పులు తగ్గడం 1960లలో గమనించారు. ఒక జబ్బు మందు ఇంకో జబ్బుకు పనికిరావడం వైద్యంలో మామూలే. ఇటీవల సీజీఆర్‌పీ అనే నొప్పి కబురును మధ్యలోనే పట్టుకునే సూదిమందులూ వచ్చాయి, 2018 నుంచి. ఈ నొప్పిలో ఆ కబురు పాత్రను తేల్చిన పరిశోధనకు నలుగురు శాస్త్రవేత్తలు 2021లో బ్రెయిన్ ప్రైజ్ అందుకున్నారు. ఆ సూదుల ధర మన సామాన్యుడికి దూరం. పాత మాత్రల ధర దూరం కాదు, వాటితోనే చాలామంది నిలబడ్డారు.

ఇంకా వేళకు తిండి. వేళకు నిద్ర, ఆదివారమైనా అదే వేళకు లేవడం. సీసాలో నీళ్లు, చేతిలో గొడుగు. నొప్పి లేనినాడు తెల్లవారకముందే భద్రకాళి చెరువుకట్ట మీద నడక. ఇవన్నీ చిన్నవే, రోజూ చేస్తేనే పనిచేస్తాయి. ఒక మాట నీతోనే చెప్పాలి చీకటీ, కోపగించుకోకు. నొప్పి పోయాక కూడా నీలోనే ఉండిపోతే, ఇంట్లోనూ నల్లద్దాలు పెట్టుకుంటే, కళ్లు వెలుతురుకు ఇంకా బెదురుతాయి. అందుకే నిన్ను పిలిచినంత ప్రేమగానే నిన్ను సాగనంపాలి. నొప్పి దిగిపోయిన మర్నాడు ఒళ్లంతా ఉతికి పిండిన బట్టలా ఉంటుంది. మాట వెతుక్కోవాలి, నడక తేలిపోతుంది. అయినా ఆరోజు గ్లాసు మజ్జిగ ఎంత బాగుంటుందో, పిల్లల గోల ఎంత బాగుంటుందో!

ఈ నొప్పి మగవాళ్లకన్నా ఆడవాళ్లకు ఇంచుమించు మూడింతలు. నెలసరి ముందు హార్మోను పడిపోగానే చాలామందికి వస్తుంది. సద్దుల బతుకమ్మ నాడు పొద్దంతా పని, వేళ తప్పిన తిండి, సాయంత్రం పద్మాక్షి గుట్ట దగ్గర జనం, లైట్లు, మైకులు. తంగేడు, గునుగు పేర్చి చేసిన బతుకమ్మను తోడికోడలికి అందించి తను గదిలో పడుకున్న కోడలు ఏ వాడలోనైనా ఉంటుంది. కిటికీలోంచి చప్పట్ల చప్పుడు వస్తుంటుంది. “నెత్తి నొస్తే పండుకుంటరా బిడ్డా? జర చాయ్ తాగు, తగ్గుతది” అంటుంది అత్త, ప్రేమగానే. ఆ ప్రేమలో నమ్మకం కూడా కలిస్తే ఆ కోడలికి సగం బరువు దిగుతుంది.

నువ్వు కూడా అందరికీ దొరకవు చీకటీ. మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీకి, ఆర్టీసీ బస్సులో కండక్టరమ్మకు, బీడీలు చుట్టే ఆడబిడ్డకు, ఒక్క గదిలో నలుగురుండే ఇంటికి, తలుపేసుకుని పడుకునే గది ఎక్కడిది? పని ఆపితే ఆరోజు కూలి పోతుంది. వాళ్లు కళ్లు సగం మూసుకునే పనిచేస్తారు. నా స్తోత్రంలో పెద్ద దండం వాళ్లదే.

అయ్యా, అమ్మా, చదువుతున్నవాళ్లారా, మీ కింద పనిచేసేవాళ్లు తలనొప్పి అంటే ఒక గంట నీడలో పడుకోనివ్వండి, కూలి కోయకండి. ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, చెయ్యో కాలో పడిపోయినా, 50 దాటాక కొత్తగా మొదలైనా అది మైగ్రేనే అనుకుని ఆగకండి, వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకుపోండి. ఏళ్ల తరబడి అదే నొప్పితో ఉన్నవాళ్లను తేదీలు రాసిన నోటుబుక్కుతో డాక్టరుగారి దగ్గరికి పంపండి. ఒంటరిగా పంపకండి. నొప్పి ఎంతసేపు ఉంటుందో, ఎన్నిసార్లు వాంతి అవుతుందో, ఎన్ని మాత్రలు వేసుకుంటున్నారో చూసినవాళ్లు మీరే. పక్కన కూర్చుని ఆ మాట మీరే చెప్పండి.