ఎవరికి ఇచ్చిన మాట?

ఉగాది మొదలుకొని శ్రీరామనవమి దాకా మన చెవుల్లో ఒకటే మోత: ఆడిన మాట తప్పకపోవడమే ఈ పండుగల ఆధ్యాత్మిక సారమని. హైదరాబాదులో నవమినాడు సీతారాంబాగ్ గుడి దగ్గర బయల్దేరే శోభాయాత్ర కోఠి సుల్తాన్ బజారులోని హనుమాన్ వ్యాయామశాల దగ్గర ముగుస్తుంది. తండ్రి మాట కోసం అడవులకు పోయిన రాముడే సత్యానికి గుర్తు అంటారు పౌరాణికులు. మాట నిలబెట్టుకోవడం గొప్ప విలువే, అందులో మాకు పేచీ లేదు. అసలు ఎవరికిస్తే అది మాట అవుతుంది అన్నదే మా ప్రశ్న.

కైకకు ఇచ్చిన వరాలు అంతఃపురం లోపలి మాట. ఉత్తరకాండలో తపస్సు చేసుకుంటున్న శంబూకుడికి మాత్రం దక్కింది కత్తి. దీన్ని త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లోనే 'శంబుక వధ' నాటకంలో నిలదీశాడు కాబట్టి మేము అక్కడ ఆగడం లేదు. మా చర్చకు ఎక్కువ పనికొచ్చేది హరిశ్చంద్రుడి కథ. పందిళ్ళలో తెల్లవార్లూ ఆడిన నాటకం అది. రాజు పడ్డ కష్టాల్లో ఆఖరి మెట్టు ఏది? కాటికాపరి పని. జనం కళ్ళనీళ్ళు పెట్టుకునేది అక్కడే. రాజు కొన్నాళ్ళు చేస్తే సత్యపరీక్ష అయిన పని, తరతరాలుగా చేసేవాళ్ళకు కులవృత్తి, కర్మఫలం. వాళ్ళ కోసం పందిట్లో ఏడ్చిందెవరు? (పైగా ఆ సీనును రక్తి కట్టించేది జాషువా శ్మశానవాటి పద్యాలు. అంటరానివాడన్న కవి పద్యం మాత్రం అందరికీ కావాలి!)

ఇంకో సంగతి. విశ్వామిత్రుడి అప్పులో మిగిలింది తీరింది చండాలుడు పోసిన డబ్బుతోనే. అంటే రాజు సత్యం నిలబడింది అంటరానివాడి సొమ్ము మీద. బేరంలో అతనూ మాట తప్పలేదు. కానీ మార్కండేయ పురాణం చివరకు వచ్చేసరికి ఆ చండాలుడు చండాలుడే కాదు, ధర్మదేవత వేసిన వేషమని తేలుస్తుంది. మాట మీద నిలబడ్డ ఒక్క చండాలుణ్ణి కూడా పురాణం మనకు మిగల్చలేదు.

ఇదంతా పుస్తకాల గొడవ అని తోసేసేవాళ్ళు నాసిక్ చూడాలి. 1930 మార్చి 2న అంబేద్కర్ నాయకత్వంలో కాలారాం గుడి ప్రవేశం కోసం సత్యాగ్రహం మొదలైంది. ఏప్రిల్‌లో, నవమి ఉత్సవాల రథయాత్రలో రెండు పక్షాలవాళ్ళూ కలిసి రథం లాగాలని రాజీ కుదిరింది. అంటరానివాళ్ళ చెయ్యి పడకముందే సవర్ణులు రథాన్ని లాక్కుపోయారు, రాళ్ళు రువ్వారు. మాట తప్పని దేవుడి రథం కిందే ఆ మాట నలిగింది. అదే నాసిక్ జిల్లా యేవలాలో 1935 అక్టోబరు 13న, హిందువుగా చావనని అంబేద్కర్ మాట ఇచ్చాడు. ఇరవై ఒక్క ఏళ్ళకు, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో నిలబెట్టుకున్నాడు. అక్కడ జనం చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో రాముణ్ణి పూజించను అన్నదీ ఉంది, అబద్ధమాడను అన్నదీ ఉంది. సత్యానికి రాముడు పూచీ ఉండనక్కర్లేదని అంతకంటే సూటిగా ఎలా చెప్తారు?

కోఠికి వేరే వసంతం కూడా ఉంది. వ్యాయామశాలకు దగ్గర్లోనే ఇసామియా బజారు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డివర్మ 1910లో అక్కడ మన పిల్లలకు బడి తెరిచాడు. భజనలు, హరికథలే మండలి ప్రచార సాధనాలు. వైశాఖంలో బుద్ధ జయంతి జరిపించాడు. మాంసం, కల్లు మానాలన్న ఆయన సంస్కరణలో ఆర్యసమాజం వాసన ఉంది, 'వర్మ' బిరుదులోనూ ఉంది. దాన్ని దాచాల్సిన పని మాకు లేదు. అయినా పట్టిన పట్టు విడవలేదు. పంచములన్న పేరు పోవాలని, ఆదిహిందువులుగా రాయాలని నిజాం ప్రభుత్వం వెంటపడ్డాడు. 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు ఎక్కింది.