మౌనం పూర్తి అంగీకారమా?

ఒడిశాలోని గంజాం జిల్లాలో పెసా చట్టం వర్తించే చోటు ఎక్కడని వెతికితే పటంలో ఒక మూలకి పోవాలి. 1992 అక్టోబరులో గజపతి జిల్లా విడిపోయినప్పుడు పర్లాకిమిడి కొండలు అటు వెళ్లిపోయాయి. గంజాంకి మిగిలిన షెడ్యూల్డు ప్రాంతం సొరడ తహసీలు ఒక్కటే. అందులోనూ గజల్‌బాడి, గోచ్ఛ పంచాయతీలకు మినహాయింపు. బరంపురంలో మన వీధి మొగలో మందు షాపు వద్దనుకుంటే అర్జీ పెట్టుకోవాలి, లేదా రోడ్డు మీద కూర్చోవాలి. సొరడ కొండపల్లెకి మాత్రం, కాగితం మీదనైనా, ఇంకో దారి ఉంది. ఆ దారి వేసింది ఒకే ఒక్క వాక్యం. దాన్ని రాసిన చేతులెవరివో గాని పనివాడితనం తెలిసిన చేతులు.

1996 డిసెంబరు 24న అమల్లోకి వచ్చిన పెసాలో నాలుగో సెక్షన్‌లో ఆ వాక్యం ఉంది. దిలీప్‌సింగ్ భూరియా కమిటీ చెప్పినదాన్ని ఆధారం చేసుకుని, పంచాయతీ వ్యవస్థని షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించడానికి పార్లమెంటు తెచ్చిన చట్టం ఇది. గ్రామసభకీ, తగిన స్థాయి పంచాయతీకీ రాష్ట్రాలు తప్పక అప్పగించాల్సిన అధికారాలు ఏడింటిని అందులో వరసగా చెప్పారు. అటవీ ఫలసాయం, భూమి చేతులు మారకుండా కాపాడటం, సంతల నిర్వహణ, వడ్డీ వ్యాపారం మీద అదుపు, ఇవన్నీ ఆ వరసలోవే. వాటన్నిటికంటే ముందున్నది మత్తు పదార్థాల సంగతి: నిషేధం అమలు చేయడం, లేదా అమ్మకాన్నీ వాడకాన్నీ క్రమబద్ధం చేయడం, లేదా పరిమితం చేయడం.

ఇక్కడ మూడు మెట్లు ఉండటంలోనే ఉంది పనితనం. ఉంటే ఉండాలి, పోతే మొత్తం పోవాలి అన్న మొండి బేరం కాదిది. ఊరు పూర్తిగా మూసేయమనవచ్చు. సంత రోజున మాత్రం వద్దనవచ్చు. పొద్దుగూకాక అమ్మకూడదనవచ్చు. జీలుగు కల్లు, ఇప్పసారా పండగల్లోకీ దేవతారాధనలోకీ వచ్చే చోట ఈ వెసులుబాటు లేకపోతే చట్టమే ఊరికి శత్రువయ్యేది. అదే సెక్షన్ ఆచార సంప్రదాయాలను కాపాడుకునే హక్కు కూడా గ్రామసభకే ఇచ్చింది. అంటే కాంట్రాక్టరు దుకాణాన్ని ఆపి తమ కల్లుకుండని ఉంచుకునే వీలు ఉంది. మరో జాగ్రత్త కూడా తీసుకున్నారు. పైస్థాయి పంచాయతీలు కిందిస్థాయి అధికారాన్ని లాక్కోకుండా రాష్ట్ర చట్టాల్లోనే కట్టుదిట్టం ఉండాలన్నారు. ఇచ్చిన అధికారం ఏ దారిన వెనక్కి జారిపోతుందో ముందే ఊహించినవాళ్లే ఇలా రాస్తారు.

ఇంత చక్కగా కుదిరిన పనికి ఒడిశా వేసిన అతుకు చూడండి. పెసాకి అనుగుణంగా రాష్ట్రం పాత బీహార్-ఒరిస్సా ఎక్సైజ్ చట్టాన్ని సవరించింది. షెడ్యూల్డు ప్రాంతంలో లైసెన్సు ఇవ్వాలంటే గ్రామ శాసన్ (పంచాయతీ ఓటర్లందరి సభ) సమ్మతితో గ్రామ పంచాయతీ ముందుగా ఆమోదించాలని అందులో రాసింది. ఇంతవరకూ బాగుంది. ఆ వెంటనే ఒక షరతు: ముప్పై రోజుల్లో పంచాయతీ జవాబు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మనవాళ్లు మౌనం అర్ధాంగీకారం అన్నారు. ఎక్సైజ్ శాఖ దాన్ని పూర్తి అంగీకారం చేసేసింది. వానాకాలంలో వాగులు పొంగి సభ జరగకపోయినా, సర్పంచి ఉత్తరాన్ని బీరువాలో దాచినా, దుకాణానికి దారి తెరుచుకున్నట్టే. ఇది కేవలం పొరపాటని నేననుకోను. సర్కారు రాబడి ఎటు మొగ్గుతుందో ఆ గడువే చెబుతోంది.

స్థానిక ఓటు ఏ దేశంలో జరిగినా దాని అసలు స్వభావం మౌనాన్ని ఎటు లెక్కిస్తారన్న దాంట్లో బయటపడుతుంది. అమెరికాలోని జార్జియాలో ఆదివారం దుకాణాల్లో మద్యం అమ్మకం చాలాకాలం నిషిద్ధం. 2011లో చట్టం మార్చి, స్థానికులు ఓటేసి ఒప్పుకున్న చోట మాత్రమే అమ్మవచ్చన్నారు. ఆ నవంబరులో అట్లాంటాతో పాటు వందకు పైగా ఊళ్లలో ఓటింగు జరిగింది. అక్కడ ఊరు నోరు విప్పకపోతే ఆదివారం దుకాణం మూతే. మిషిగన్‌లో దీనికి తలకిందులు. 2010 చట్టం ఆదివారం ఉదయపు అమ్మకాలను అనుమతించింది, వద్దనుకున్న స్థానిక సంస్థ తీర్మానం చేసి తప్పుకోవాలి. అక్కడ మౌనం అమ్మేవాడి పక్షం. వేల్స్ ఇంకో పద్ధతి పట్టింది. 1881 నుంచి ఆదివారం పబ్బులు మూసి ఉంచిన ఆ దేశంలో 1961 చట్టంతో జిల్లాలవారీ ఓటు వచ్చింది, ఏడేళ్లకోసారి మళ్లీ అడిగే వీలుండేది. ఓడినవాళ్లకి ఇంకో వాయిదా ఉండేదన్న మాట. ఆఖరుదాకా పట్టుబట్టిన ద్వైఫోర్ జిల్లా 1996లో తలుపులు తీసింది.

మన దేశంలోనే మహారాష్ట్ర చేసిన పని నాకు మరీ నచ్చుతుంది, లోపంతో సహా. నాలుగోవంతు మహిళా ఓటర్లు అడిగితే ఓటింగు పెట్టాలి. బ్యాలెట్ మీద నిలబడ్డ సీసా, పడుకోబెట్టిన సీసా బొమ్మలుంటాయి. చదువు రాని అమ్మమ్మకి కూడా అనుమానం రాదు. కాని దుకాణం మూతపడాలంటే ఓటర్ల జాబితాలో ఉన్న ఆడవాళ్లలో సగం మందికి పైగా పడుకున్న సీసాకే గుద్దాలి. కూలికి పోయి రాలేకపోయిన ఆమె ఓటు షాపు ఖాతాలో పడినట్టే.

1992లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని దూబగుంట ఆడవాళ్ల చేతిలో ఇలాంటి వాక్యం ఏదీ లేదు. సారా పాటలను అడ్డుకున్నారు, దుకాణాలు మూయించారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. హైదరాబాదు ఇచ్చింది, హైదరాబాదే తీసుకుంది. ఊరి అధికారం ఊరి పేరునే చట్టంలో ఉండాలనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

సరిగ్గా అడిగితే పల్లె సరిగ్గా చెబుతుందని ఒడిశాకి తెలియనిది కాదు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద నియమగిరి కొండల్లో బాక్సైటు తవ్వకం గురించి రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు పల్లీసభలు (ఒక్కో పల్లె ఓటర్ల సభలు) పెట్టారు. జిల్లా జడ్జిలు పరిశీలకులుగా వెళ్లి కూర్చున్నారు. పంచాయతీ ఆఫీసులో కాదు, పల్లెల్లోనే సభ జరిగింది. పన్నెండూ వద్దన్నాయి. గని రాలేదు.

మద్యం లైసెన్సుకీ అదే పద్ధతి పెట్టవచ్చు: గ్రామ శాసన్ దాకా పోకుండా పల్లీసభలో అడగాలి, ఆడవాళ్ల హాజరుకి కనీస సంఖ్య పెట్టాలి, గడువు దాటితే లైసెన్సు లేనట్టే అని రాయాలి. భువనేశ్వర్‌లో ఇకమీద ఈ నియమాలకు చేయి పెట్టేవాళ్లు కనీసం ఆ చివరి మాటనైనా మార్చి రాయాలని గంజాం వాళ్లం అడగాలి.