తినేశానని చెప్పుకునే చోటు

ఎదుటివాళ్ల ఒంటి గురించి నోరెత్తకూడదన్నది నా పాత పాటే. ఈ కాలమ్ చదివేవాళ్లకి కంఠతా వచ్చేసి ఉంటుంది. మొన్న పెళ్లిలో మళ్లీ పాడాల్సి వచ్చింది. మా పిన్ని కూతురు రోజూ సాయంత్రం నడిచి, రాత్రిపూట అన్నం తగ్గించి నాలుగు కిలోలు తగ్గింది. జాకెట్టుకి లోపలి కుట్టు వేయించుకుని మరీ వచ్చింది. బంతిలో కూర్చోగానే ఓ పెద్దావిడ, "ఏమ్మా, ఒళ్లు చేశావే!" అంది. పిల్ల నవ్వేసి, విస్తట్లో పూతరేకు పక్కకి నెట్టింది. రాత్రి ఫోన్ చేసింది. "పెళ్లివారిచ్చిన డబ్బా సగం ఖాళీ చేశానక్కా. ఎలాగూ ఇవాళ్టికి పాడైందిగా!"

ఈ 'ఎలాగూ పాడైందిగా' కొత్తదేం కాదు. 1975లో పీటర్ హెర్మన్ ప్రయోగంలో కాలేజీ అమ్మాయిలకి మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ పెట్టారు. తిండి దగ్గర కట్టడి లేనివాళ్లు కాస్తే తిన్నారు. నోరు కట్టుకుంటున్నవాళ్లు మాత్రం, మిల్క్‌షేక్ తాగినందుకే ఇంకా ఎక్కువ తిన్నారు.

ఇలాంటప్పుడు నాకు జీన్ నైడెచ్ గుర్తొస్తుంది. న్యూయార్క్ క్వీన్స్‌లో గృహిణి. 1961లో ఆవిడ బరువు 97 కిలోలు. సూపర్‌మార్కెట్‌లో తెలిసినావిడ ఎదురై "డెలివరీ ఎప్పుడు?" అని అడిగింది. కడుపూ లేదు, ఏమీ లేదు! నగర ఆరోగ్యశాఖ క్లినిక్‌కి వెళ్లి డైట్ రాయించుకుంది. కొంత తగ్గింది కానీ, బాత్రూంలో మాసిన బట్టల బుట్టలో దాచిన బిస్కెట్లు దొంగచాటుగా తింటూనే ఉంది. ఆ మాట క్లినిక్‌లో చెప్పడానికి నోరు రాలేదు. చివరికి లావుగా ఉన్న ఆరుగురు స్నేహితురాళ్లని ఇంటికి పిలిచి చెప్పేసింది. వాళ్లూ తమ దొంగతిళ్లు బయటపెట్టారు. తర్వాత ఇంకొందరిని వెంటబెట్టుకొచ్చారు. 1962 అక్టోబరుకి ఆవిడ 64 కిలోలకి దిగింది. 1963లో ఆ ముచ్చట్లే వెయిట్ వాచర్స్ కంపెనీ అయ్యాయి.

డైట్ క్లినిక్ ఇచ్చిందే. ధైర్యం మాత్రం ఆ కబుర్లలోంచి వచ్చింది. అంటే, పెద్దావిడల నోళ్లు మూయించినంత మాత్రాన మా చెల్లికి ఒరిగేదేమీ లేదు. డబ్బా సంగతి చెప్పుకోడానికి దానికో చోటు కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన అధిక బరువున్న ఆడవాళ్లు ఆంధ్రలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. అప్పు వాయిదా తప్పితే పదిమంది ముందు చెప్పుకునే డ్వాక్రా సంఘాలు ఊరూరా ఉన్న మనకి ఇదేమంత కష్టం?

ఒంటి గురించి మాట్లాడుకుందాం. అయితే మొదటి మాట ఆ ఒళ్లు ఎవరిదో వాళ్లదే కావాలి. "తినేశాను" అని మీతో ఎవరైనా అంటే "ఎందుకు తిన్నావ్?" అనకండి. "రేపు నడకకి ఎన్నింటికి వెళ్దాం?" అని అడగండి.