ఆరుబయట కీర్తన కచేరీ

వాద్యమెంత మధురమైనదైనను, అందలి స్వరములు వేరువేరుగా తెలియనియెడల వినువానికి దానివలన ఏమి లాభమని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయమున అడుగుచున్నాడు. ఆ అధ్యాయములో ఆయనకున్న గొప్ప చింత ఏమనగా, మన మధ్యకు క్రొత్తగా వచ్చిన మనుష్యునికి మన మాట అర్థమగుచున్నదా? సంగీతమును గూర్చి తీర్పు చెప్పుటకు క్రైస్తవునికి ఇంతకంటె మంచి కొలత దొరకదు. ఆ కొలతతోనే ఈ మధ్య విన్న ఒక కచేరీని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గడచిన క్రిస్మసు వారములో ఒక గ్రామ సంఘమువారు వరి కోసిన చేనిలో కీర్తనల కచేరీ ఏర్పాటు చేసిరి. నాతోకూడ నా చిన్ననాటి స్నేహితుడు వచ్చెను. మేమిద్దరము ఒక్క బడిలో చదివినవారము. అతడు మన సంఘస్థుడు కాడు; ముప్పది యేండ్లుగా పిల్లలకు ఫిడేలు నేర్పుచున్నవాడు, తిరువయ్యారు ఆరాధనకు పలుమార్లు వెళ్లినవాడు. గడ్డి పరచిన నేలమీద దుప్పట్లు కప్పుకొని రెండున్నర గంటలు కూర్చుంటిమి. ఊరిలోని అన్ని పేటలవారును వచ్చిరి. మన గుడి గుమ్మము ఎన్నడును తొక్కనివారు సహితము వచ్చిరి. ఆరుబయట కచేరీయొక్క భాగ్యమిదియే. అక్కడ గోడ లేదు, గుమ్మము లేదు, పిలువనివాడును వినును.

మొదటి గంటన్నర పట్టణమునుండి వచ్చిన బృందము కీబోర్డు, గిటారు, రిథమ్ ప్యాడ్‌లతో పాడెను. వారి గొంతులు మంచివి. వారి భక్తిని నేను శంకింపను. గాని వాద్యముల ధ్వని మాటలను మ్రింగివేసెను. దీనికి తోడు మైకువారు ఒక హారన్ వేదికయొద్దను, మరియొకటి చేని చివర వేపచెట్టుమీదను కట్టిరి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. నూరు మీటర్ల దూరమున నున్న హారన్‌నుండి వచ్చు మాట, వేదికయొద్ద కూర్చున్నవాని చెవికి సెకనులో మూడవ వంతు ఆలస్యముగా చేరును. ఈలోగా దగ్గరి హారన్‌నుండి తరువాతి అక్షరము వచ్చి దానిమీద పడును. నెమ్మదైన పాటకే ఇది హాని. పరుగెత్తు పాట సంగతి చెప్పనేల? గుడిలో గోడలు ధ్వనిని మరల మనకు అందించును. చేనిలో అది పోయినదే పోవును. కాబట్టి బయట పాడువారు మరింత నిదానముగాను స్పష్టముగాను పాడవలెను. ఇక్కడ జరిగినది దీనికి విరుద్ధము.

నా స్నేహితుడు నావైపు వంగి, "ఒరేయ్, తాళం బాగానే ఉంది. మీ దేవుడేం చేశాడో మాత్రం ఒక్క ముక్క వినబడలేదురా" అనెను. ఎగతాళికి అనలేదు, అతడు వినుటకే వచ్చెను. వినవలెనని వచ్చినవానికి వినబడకపోవుటకంటె సువార్త గానమునకు గొప్ప నష్టమేమున్నది?

తరువాత ఆ ఊరి సంఘమువారే హార్మోనియము, డోలక్కు, తాళములతో పాడిరి. వారు ఎన్నుకొన్నవి చాలవరకు పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు. 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో ప్రభువునందు నిద్రించిన ఆ భక్తుడు మన దేశపు కీర్తన రూపములోనే క్రీస్తును స్తుతించెను. ఆ రూపములో ఒక ఉపకారమున్నది. చరణము ఎరుగనివాడును మాటిమాటికి వచ్చు పల్లవిని పట్టుకొని పాడగలడు. ఆ రాత్రి అట్లే జరిగెను. రెండవ కీర్తనకు వెనుక వరుసలోని స్త్రీలు పల్లవి అందుకొనిరి. మూడవదానికి చేనంతయు పాడెను.

ఇందులోను లోపములున్నవి. శ్రుతి మిక్కిలి హెచ్చుగా పెట్టుటచేత పురుషుల గొంతులు చరణములలో ఆగిపోయెను. నా స్నేహితుడు ప్రక్కనున్న అవ్వ చేతిలోని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తీసికొని చూచి, పైన అచ్చువేసిన రాగమొకటి, పాడుచున్నది మరియొకటి అనెను. అది నిజమే. అయినను తల్లుల నోట కూతుళ్లకు వచ్చిన వరుసను తప్పని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. పెద్దలు తమకు వచ్చిన వరుసలో పాడుదురు గాక. ఆదివారపు బడి పిల్లలకు అచ్చులోనున్న రాగతాళములనుకూడ నేర్పుదము.

తిరిగి వచ్చునప్పుడు అతడు కావేరి యొడ్డున త్యాగరాజుగారి (1767–1847) పంచరత్న కీర్తనలను వందలమంది కలిసి పాడు విధమును చెప్పెను. "అక్కడికి పాడడానికి పోతాం. మీవాళ్లు మొదటి గంటన్నరా చూడడానికి వచ్చినట్టున్నారు" అనెను. ఇది మనము మనసున పెట్టుకొనదగిన మాట.

కీబోర్డు లేనియెడల యౌవనులు రారని కొందరందురు. వాద్యమును నేను నిందింపను. 150వ కీర్తన బూరలను, తంతి వాద్యములను, తాళములను అన్నిటిని స్తుతికి పిలుచుచున్నది. మనము పాతదనుకొను హార్మోనియమును ఐరోపానుండి వచ్చినదే. వాద్యము పాతదా క్రొత్తదా అని కాదు, అది మాటకు దాసియా, యజమానురాలా అని అడుగవలెను.

మొదటి క్రిస్మసు గానము ఆరుబయటనే, రాత్రివేళనే, పొలములోని గొఱ్ఱెల కాపరులకు వినబడెనని లూకా చెప్పుచున్నాడు. పాట ముగియగానే వారు పాడినవారిని పొగడుచు కూర్చుండలేదు; బేత్లెహేమునకు త్వరపడి వెళ్లిరి. పాట వినినవాడు లేచి ఎక్కడికి పోవునన్నదే దాని విలువ.

కాబట్టి సంఘములకు నా మనవి. హారన్‌లన్నియు వేదికయొద్దనే కట్టించి జనులవైపు త్రిప్పుడి. వాద్యములను తగ్గించుడి. ప్రతి కీర్తనకు ముందు ఒకరు దాని మాటలను నిదానముగా చదివి వినిపింపవలెను. పాటలలో సగమైనను జనులకు తెలిసినవి ఉండనిండి. పగలంతయు కోత కోసి వచ్చినవాని గొంతుకు అందు శ్రుతి పెట్టుడి. ఆ కచేరీకి చందా ఇచ్చినది అతని కూలి డబ్బే గదా!

మరుసటి యేడు కూడ వచ్చెదనని నా స్నేహితుడు చెప్పెను. అతనివంటివారు మన ఊళ్లలో అనేకులు. వారికి మాట వినబడునట్లు పాడుట మన పని. ఆ మాటను హృదయమున నాటుట దేవుని పని.