ఒక కాపు, మూడు ఈస్టులు

అమెరికాలో ఇంటి బీరుకు ఫెడరల్ చట్టం దారి తెరిచింది 1978లో, అధ్యక్షుడు కార్టర్ సంతకంతో. అక్కడి గరాజుల్లో పెరిగిన ఈ విద్యలో నాకు మహా ముచ్చటైన పని ఒకటుంది. తీపి మాల్టు నీళ్లను ఒక్కసారే కాచి, చల్లార్చి, మూడు జాడీల్లోకి పంచి, ఒక్కోదాంట్లో ఒక్కో ఈస్టు వేయడం.

గింజ ఒకటే, హాప్స్ ఒకటే, నీళ్లూ అవే. కాలిఫోర్నియా ఏల్ ఈస్టు పెద్దగా నోరు చేసుకోదు, మాల్టునీ హాప్స్‌నీ మాట్లాడనిస్తుంది. బవేరియా గోధుమ బీరు ఈస్టు అలా కాదు. మూత తీయగానే అరటిపండు, వెంటే లవంగం! పండూ వేయలేదు, దినుసూ వేయలేదు. అరటి వాసన ఐసోఅమైల్ ఎసిటేట్‌ది, లవంగం ఘాటు 4-వినైల్ గయకాల్‌ది. రెండూ ఈస్టు చేతి పనే. బెల్జియం సైజాన్ ఈస్టయితే తీపిని దాదాపు ఊడ్చేసి మిరియపు ఘాటు మిగులుస్తుంది.

1883లో కోపెన్‌హాగెన్ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచాడు. అది లేనిదే ఈ పోలికకు అర్థమే లేదు.

అసలు నేర్పు కాచడంలో కన్నా కడగడంలో ఉందంటాను. ఒక జాడీలో ముంచిన గొట్టం అలాగే పక్కదాంట్లో పెడితే ఈస్టులు కలగాపులగం. వేడి కూడా సమానంగా ఉండాలి. సైజాన్‌కు మాత్రం కాస్త వెచ్చటి మూల వెతకాలి.