గంధర్వుడి చేతికి కత్తి ఇవ్వొద్దు

వీడియో గేమ్‌కు కథ రాస్తామంటూ వచ్చే కుర్రాళ్లు ముందుగా అడిగేది 'విలన్ ఎవరు సార్?' అని. నేను వాళ్ల చేతిలో 'హాహా హూహూ' పెడతాను. విశ్వనాథ సత్యనారాయణ రాసిన చిన్న నవల అది. గుర్రం తల ఉన్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. జనం మూగుతారు, బోనులో పెడతారు. అతను మాట్లాడేది సంస్కృతం. పరీక్షించ వచ్చినవాళ్ల తెలివే చివరికి పరీక్షకు నిలబడుతుంది. నవలకు ప్రాణం అక్కడుంది.

దీన్ని గేమ్ చేయమంటే చాలామంది గంధర్వుడికి కత్తి ఇచ్చి బోను బద్దలు కొట్టిస్తారు. అప్పుడు గుర్రం తల మిగులుతుంది, విశ్వనాథ మిగలడు. నేనైతే ఆడేవాణ్నే బోనులో కూర్చోబెడతాను. మొదట చుట్టూ వినపడే ఇంగ్లీషంతా వట్టి రొద. నీళ్ల గిన్నె తెచ్చిన ప్రతిసారీ కాపలావాడు అనే మాటను పట్టుకుంటే ఆ ఒక్క మాట తెర మీద వెలుగుతుంది. అలా కూడబెట్టుకున్న మాటలతోనే ఎదురు ప్రశ్న వేయాలి. ప్రశ్న సూటిగా తగిలితే, పరీక్షించ వచ్చిన పండితుడు నోటుబుక్కులో రాసుకున్న వాక్యాన్ని తనే కొట్టేస్తాడు. నవల్లోని ఆలోచన ఆడేవాడి చేతికి అందేది అలాగే.

పోలండ్‌లో ఈ పని బాగా చేశారు. ఆంద్జెయ్ సప్కోవ్‌స్కీ 'విచర్' పుస్తకాల ఆధారంగా సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2007లో తొలి గేమ్ తెచ్చింది. నవలల కథను తిరిగి చెప్పకుండా, ఆ తర్వాతి కథ అల్లుకున్నారు. రెండు చెడుల్లో ఏది చిన్నదన్న రచయిత మథనాన్ని మాత్రం వదల్లేదు. ఆటలో మనం తీసుకున్న నిర్ణయం ఎటు దారితీసిందో చాలాసేపటికి గానీ బయటపడదు.

చెర గురించి ఉమ్మడి ఆదిలాబాద్‌లో గోండుల గాథ ఒకటి ఉంది, ఇంకా పాతది. గుహలో బందీలైన దేవతలను పహండి కుపార్ లింగాల్ విడిపించిన కథను వాళ్ల గాథాగాయకులైన పర్ధాన్లు కిక్రీ అనే తీగవాయిద్యం వాయిస్తూ పాడతారు. కెరమెరి మండలంలోని జంగుబాయి దేవత గుహకు పుష్యమాసంలో ఆదివాసీలు ఇప్పటికీ మొక్కులతో వెళ్తారు. ఆ గాథ వాళ్ల కొలుపులో భాగం. నవలను వాడుకున్నట్టు వాడుకుంటే తప్పు. ఆ గాథతో గేమ్ చేయాలనుకునేవాళ్లు ముందు పర్ధాన్ల దగ్గర కూర్చుని వినండి. పెద్దల అనుమతి అడగండి. వద్దంటే మానేయండి. సరేనంటే తెర మీద వాళ్ల పేరు వేయండి, వచ్చే డబ్బులో వాటా రాసివ్వండి. కంప్యూటర్ తెరవడం ఆ తర్వాతే.