తడి సున్నము, కత్తెర అంచు

సంప్రదాయము, ప్రయోగము అనే రెండు మాటలను బద్ధవిరోధులుగా నిలపటం కళావిమర్శలో పరిపాటి అయింది. పాత పనిముట్టును విడిచినవాడు సంప్రదాయాన్నే విడిచినాడని ఒక పక్షం. విడవనివాడు ఆధునికుడు కాజాలడని మరొక పక్షం. ఈ రెండు తీర్పులూ ఎంత తొందరపాటువో బినోద్ బిహారీ ముఖర్జీ (1904–1980) చిత్రాలు తెలుపుతాయి.

నందలాల్ బోసు శిష్యుడైన ముఖర్జీ 1946–47లో శాంతినికేతనంలోని హిందీభవనం గోడలపై మధ్యయుగ భక్తుల జీవితాన్ని చిత్రించారు. తడి సున్నపు పూత ఆరకముందే రంగు పడవలె. ఆరిన పిమ్మట దిద్దుబాటుకు తావు లేదు. అట్టి కఠినమైన పద్ధతిలో, పూర్తి నమూనాను గోడమీదికి ముందుగా దించుకొనకుండానే, రామానుజుడు, కబీరు, సూరదాసు, తులసీదాసు మొదలైన వారిని ఒకే జనప్రవాహంలో నడిపించారు. అంధకవిగా లోకం స్మరించే సూరదాసును చిత్రించిన నాటికి ఆయనకు ఉన్నది ఒక కంటి చూపే, అదీ మందమైనది. సుమారు పదేండ్లకు, శస్త్రచికిత్స విఫలమై, అదీ పోయింది.

ఆ పిమ్మట ఆయన రంగు కాగితాలను కత్తిరించి అతికించారు. మైనంతో బొమ్మలు మలిచారు. 1972లో కళాభవనం గోడను పింగాణీ పలకలతో తీర్చారు. ఆ ఏటనే పూర్వశిష్యుడు సత్యజిత్ రాయ్ ఆయనపై చలనచిత్రం నిర్మించారు.

ఈ కృతులను అంధుని అద్భుతాలుగా కొనియాడటం సులభం. కాని జాలి విలువకట్టటం కాదు. ఇందులో పోయినదేదో కూడ చెప్పవలె. తూర్పు ఆసియా సిరాచిత్రాల నుండి ఆయన సాధించుకొన్న, సన్నగిలుతూ బలుస్తూ సాగే కుంచెగీత కత్తెరకు లొంగదు. కొన్ని కాగితపు చిత్రాలు అలంకారం వద్దనే ఆగిపోతాయి. అయితే మేలైన వానిలో ఒక వీపు వంపు, ఒక తల వాలు, అంచుమాత్రంతోనే మనిషిని నిలబెడతాయి. ఆ బలం ఎక్కడిది? కత్తిరించిన అంచు తడి సున్నం మీది రంగు వంటిదే: వెనుకకు తీసుకొనరానిది. చేయి కదలకముందే మనస్సు నిశ్చయించుకొనవలె. ద్రవ్యం మారింది, ఆ నియమం మారలేదు.

సంప్రదాయమంటే ఆ నియమమే గాని సున్నమూ కుంచే కాదు. ఛందస్సును విడిచి వచనానికి వచ్చే కవి కూడ తన వెంట ఏమి తెచ్చుకొన్నాడన్నదే అడుగవలసిన ప్రశ్న.